కిలో చెత్త, ఐదు రోజుల ఎండ

మొదటి రోజు: మహబూబ్‌నగర్

బతుకమ్మ సెలవుల్లో జనం యాదగిరిగుట్టకు పోతారు, శ్రీశైలం పోతారు. మా తమ్ముడూ నేనూ చెత్త చూడ్డానికి బయల్దేరాం. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను, వాడు ఇళ్లకు వైరింగ్ చేస్తాడు. "ఊళ్లె ఇంత చెత్త ఉన్నది. కాలవెడితే కరెంటే కరెంటు. గవర్నమెంటుకు గింత తెల్వదా అక్కా?" అని అన్నం తింటూ వాడన్న మాట దగ్గర మొదలైందిది. తెలుసురా, ఇరవై ఏళ్ల కిందే మన జిల్లాలోనే పెట్టారు అంటే నమ్మలేదు. షాద్‌నగర్ పక్కన ఎలికట్టలో ఒకటి, అప్పటి నల్లగొండ జిల్లా బీబీనగర్ దగ్గర ఇంకొకటి. రెండూ హైదరాబాద్ చెత్తను నమ్ముకుని పెట్టినవే. "మరి మనమెందుకు చూడలే? పా, పోదాం" అన్నాడు.

బయల్దేరే ముందు ఒక పని చేశాను. వంటింటి బకెట్‌లోంచి సరిగ్గా కిలో చెత్త తూచి, అమ్మ తాంబాళంలో పలుచగా పరిచి డాబా మీద ఎండలో పెట్టాను. బీరకాయ తొక్కలు, అరటి తొక్కలు, సొరకాయలోని బెండు, రాత్రి మిగిలిన అన్నం, వాడిన చాయపత్తి, ఉల్లిపొట్టు, నాలుగు కోడిగుడ్డు పెంకులు, నిన్నటి బతుకమ్మ కోసం కత్తిరించిన గునుగు కాడలు. రోజూ సాయంత్రం కాంటా మీద పెట్టి బరువు ఫోన్లో చెప్పమని అమ్మను బతిమాలాను.

"పండుగ పూట తాంబాళంల పెంట ఎండవెడ్తరా ఎవరన్న? సద్దుల నాటికి నా తాంబాళం నాకు గావాలె" అంది అమ్మ. సరేనన్నాను.

మధ్యాహ్నం ఊరి చివర చెత్త పోసే చోటికి వెళ్లాం. 2011 లెక్కల్లోనే లక్షన్నర దాటిన ఊరు మాది. ఆ తర్వాత ఎంత పెరిగిందో ఆ గుట్టను చూస్తే చాలు, జనాభా లెక్కలవాళ్లు రానక్కర్లేదు. పొగ ఒక పక్క నుంచి సన్నగా లేస్తోంది. గోనెసంచి భుజాన వేసుకుని ఒక పెద్దమ్మ చిన్న ఇనుప కొక్కెంతో చెత్త కెలుకుతోంది. దగ్గరికెళ్లి మాట కలిపాను.

"అట్టలు, సీసాలు, ఇనుము ఇవే బిడ్డా మేం తీస్కునేది. గీ పలుచటి కవర్లను ఎవ్వరు కొనరు. దినమంత ఏరినా కిలో గాదు. పైకెల్లి కూర నీళ్లు, అన్నం మెతుకులు అంటుకొని ఉంటయి."

తమ్ముడికి అది మామూలు మాటలాగే వినిపించింది కానీ, నాకు అందులోనే సగం లెక్క దొరికింది. బాగా మండేవి అట్టలు, కాగితాలు, గట్టి ప్లాస్టిక్. వాటిని ఇంట్లో మనమే విడిగా పెట్టి పాత పేపర్లవాడికి అమ్ముకుంటాం. మనం వదిలినవి పెద్దమ్మ ఏరుకుంటుంది. ఆమె కూడా వద్దని వదిలేశాక మిగిలిందే బాయిలర్ దాకా పోయేది. తడి అన్నం, మట్టి, రాళ్లు, జిడ్డు కవర్లు. ఐరోపా దేశాల చెత్తలో కాగితం, ప్యాకింగ్ సామాను ఎక్కువ కాబట్టి నేరుగా కొలిమిలో వేసినా మండుతుంది. మన చెత్త అంటే వంటిల్లు. సగం బరువు నీళ్లే.

సాయంత్రం అమ్మ ఫోన్: 830 గ్రాములు. "కాకులు తిరుగుతున్నయి, జాలి కప్పిన" అని కూడా చెప్పింది.

రెండో రోజు: షాద్‌నగర్, ఎలికట్ట

పొద్దున్నే ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. నాకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్, వాడికి ఫుల్ టికెట్. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీలో ఇదే వరస. జడ్చర్ల దాకా వాడు ఆ బాధలోనే ఉన్నాడు. బాలానగర్ దాటాక రోడ్డు పక్కన తంగేడు విరగబూసి ఉంది, పిల్లలు సంచుల నిండా కోసుకుంటున్నారు.

షాద్‌నగర్‌లో దిగి ఆటోలో ఎలికట్ట వెళ్లాం. ఇప్పుడిది రంగారెడ్డి జిల్లా. 2016లో జిల్లాలు విడగొట్టేదాకా మాదే, పాలమూరే. భవానీ మాత గుడి ముందు దసరా రద్దీ మొదలైంది. గుడి పక్కన హోటల్లో చాయ్ తాగుతూ తమ్ముడికి కథ చెప్పాను.

2003లో ఇక్కడ 6.6 మెగావాట్ల ప్లాంటు పెట్టారు. అదే ఏడు విజయవాడలో 6 మెగావాట్లది మొదలైంది. దేశంలో ఊరి చెత్తతో కరెంటు తీసి గ్రిడ్‌కు ఇచ్చిన మొదటి తరం ఇవే. హైదరాబాద్‌లో చెత్తను ఎండబెట్టి, రాళ్లూ మట్టీ ఇనుమూ తీసేసి, మిగిలిన కవర్లూ గుడ్డపేలికలూ కాగితం ముక్కలూ నలగ్గొట్టి ఇక్కడికి లారీల్లో తెచ్చేవారు. దాన్నే ఆర్డీఎఫ్ అంటారు. అంటే చెత్తలోంచి తీసిన కట్టెలనుకో అని చెప్పాను వాడికి. ఆ కట్టెలు బాయిలర్‌లో మండి, నీళ్లు ఆవిరై, ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది. టర్బైన్ దాటాక అంతా వాడికి తెలిసిన కథే.

"6.6 అంటే ఎన్ని ఇండ్లకొస్తది?" అన్నాడు.

చాయ్ గ్లాసు పక్కన పెట్టి లెక్క కట్టాం. ఇరవై నాలుగు గంటలూ పూర్తి లోడ్ మీద నడిస్తే రోజుకు 1,58,400 యూనిట్లు. మా ఇంటికి నెలకు 150 యూనిట్లు కాలుతుంది, అంటే రోజుకు 5. ముప్పై వేల ఇళ్లకు పైనే. వాడి కళ్లు మెరిశాయి. కానీ ఆ "పూర్తి లోడ్" అన్న మాటే తిరకాసు. అప్పటి ప్లాంట్లలో చెత్తకు తోడు ఊక కూడా కలిపి కాల్చేవారు. మన చెత్త ఒంటరిగా అంత వేడి పుట్టించలేదు మరి.

అంతకు ముందు ఢిల్లీ తిమార్‌పూర్‌లో ఏమైందో కూడా చెప్పాను. 1987లో డెన్మార్క్ మిషన్లతో రోజుకు 300 టన్నులు కాల్చేలా ప్లాంటు కట్టారు. మూడు వారాలు నడిచి ఆగిపోయింది. మిషన్ పాడవలేదు, ఢిల్లీ చెత్త మండలేదు. ఆ తర్వాత దేశంలో చాలా చోట్ల చేతులు కాలాక, 2005లో సుప్రీంకోర్టు ఈ ప్లాంట్లకు సబ్సిడీలు ఆపమంది. 2007లో, ముందు ఐదు పైలట్ ప్రాజెక్టులు చేసి చూడండి అంది.

హోటల్లో మా పక్క బెంచీ మీద ఒక తాత కూర్చుని ఇదంతా వింటున్నాడు. మేమెవరమో, ఏ ఊరో అడిగి తెలుసుకున్నాడు. తర్వాత తీరిగ్గా అందుకున్నాడు. "మా చిన్నప్పుడు చెత్త అంటె ఏందో తెల్వదమ్మా. ఇంటెనుక పెంటకుప్ప ఉండేది. ఎండకాలం బండి గట్టి చేనుకు తోలేది. గీ కవర్లు వచ్చినంక పెంటకుప్పను గూడ ఎవ్వడు ముడుతలేడు. చేన్ల వోస్తె నాగలికి కవర్లే చుట్టుకుంటయి." కవర్లను చేను ముట్టదు, వంటింటి తడిని కొలిమి ముట్టదు. రెండూ ఒకే బకెట్‌లో పడితే ఇద్దరికీ పనికిరావు. తాత ఆ మాటను నాగలితో చెప్పాడు, నేను పదో తరగతిలో బోర్డు మీద గీస్తాను, అంతే తేడా.

ప్లాంటు వైపు నడుద్దామనుకుంటుండగా వాన అందుకుంది. ఇక కదిలింది లేదు. గుడి మండపంలో రెండు గంటలు నిలబడి, ఎట్లాగో షాద్‌నగర్ చేరి చిన్నమ్మ ఇంట్లో పడ్డాం.

ఏడు గంటలకు అమ్మ ఫోన్. గొంతులో కోపం. ఇంటి దగ్గరా వాన కొట్టిందట. తాంబాళం లోపలికి తెచ్చేసరికి నిండా నీళ్లు. వంచితే నల్లటి నీళ్లు కారి డాబా మీద మరక పడింది, రుద్దితే పోలేదు. ఆ నీళ్లన్నీ తీశాక బరువు 910 గ్రాములు. మొదటి రోజు ఎండినదాంట్లో దాదాపు సగం ఒక్క వానతో వెనక్కి వచ్చింది. వానాకాలం చెత్త గుట్టల కింది నుంచి కారేది కూడా ఈ నల్లటి నీళ్లే. వాటి చుట్టుపక్కల బోర్లు పాడయ్యేదీ అందుకే.

"మరకకు నిమ్మకాయ రుద్దమ్మా" అన్నాను.

"నీ సైన్సుకు రుద్దుత" అని పెట్టేసింది.

మూడో రోజు: బోయిన్‌పల్లి మీదుగా బీబీనగర్

హైదరాబాద్‌లో ఆగాలని మొదట అనుకోలేదు. కానీ కాల్చకుండా కరెంటు తీసే పద్ధతి ఒకటుంది, అది చూపించకపోతే తమ్ముడికి సగం కథే చెప్పినట్టు. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు వెళ్లాం. మధ్యాహ్నమైనా టమాటాల వాసన ముక్కులు పగలగొడుతోంది. కాళ్ల కింద క్యాబేజీ ఆకులు మెత్తగా జారుతున్నాయి.

ఇక్కడి బయోగ్యాస్ ప్లాంటు హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తల సాంకేతికతతో కట్టింది. కుళ్లిన కూరగాయల్ని బెల్టు మీద పంపి, ముక్కలు చేసి, రుబ్బిన పిండిలా చేసి, గాలి చొరబడని ట్యాంకుల్లోకి తోస్తారు. లోపల సూక్ష్మజీవులు తినేసి గ్యాస్ ఇస్తాయి. ఆ గ్యాస్ పెద్ద బెలూన్లలో నిండుతుంది, దాంతో జనరేటర్ నడుస్తుంది. రోజుకు దాదాపు 10 టన్నుల వ్యర్థాలకు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల దాకా గ్యాస్. కరెంటు మార్కెట్ దీపాలకు, గ్యాస్ క్యాంటీన్ పొయ్యికి. 2021 జనవరి మన్ కీ బాత్‌లో ప్రధాని దీని గురించి చెప్పాకే చాలామందికి తెలిసింది.

కొలిమికి శత్రువైన నీళ్లు ఇక్కడ స్నేహితులు. పైగా ఇక్కడికి వచ్చేది కూరగాయలే, అందులో డైపర్లు, పలిగిన గాజులు ఉండవు. వేరు చేసే బాధ మార్కెట్ పుట్టుకలోనే తప్పింది.

తమ్ముడు ఫోన్లో లెక్క చేశాడు. టన్నుకు 50 యూనిట్లు, కిలోకు 0.05. అమ్మ తాంబాళంలోని కిలో చెత్తకు తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు అయిదున్నర గంటలు వెలుగుతుంది. "గింతేనా?" అన్నాడు, మొహం చిన్నబోయింది. గింతేరా. అందుకే దీన్ని కరెంటు ఫ్యాక్టరీ అనుకోవద్దు, చెత్తను వదిలించుకుంటుంటే చేతికొచ్చిన చిల్లర అనుకోవాలి. కరెంటు కోసమే అయితే మన నల్లగొండ జిల్లా దామరచర్లలో యాదాద్రి థర్మల్ ఒక్కటే 4000 మెగావాట్లది. దాని ముందు హైదరాబాద్ జవహర్‌నగర్ చెత్త ప్లాంటు 24, దుండిగల్‌ది 14.5. ఏనుగు ముందు ఎలుకలు. కాకపోతే ఈ ఎలుకలు బొగ్గు తినవు, మన గడప ముందు కుప్పను తింటాయి.

ఉప్పల్ నుంచి బస్సెక్కి బీబీనగర్ చేరేసరికి నాలుగు దాటింది. ఎయిమ్స్ వచ్చాక ఈ ఊరి రూపమే మారిపోయింది, రోడ్డు పొడవునా లాడ్జీలు, మెడికల్ షాపులు, టిఫిన్ సెంటర్లు. చిన్నరావులపల్లి వైపు ఆటో మాట్లాడుకున్నాం. నల్లగొండ జిల్లా పేరుతో కాగితాలకెక్కిన 11 మెగావాట్ల ఆర్డీఎఫ్ ప్లాంటు ఈ ఊరిదే. జిల్లా విడిపోయాక ఇదీ యాదాద్రి భువనగిరి లెక్కలోకి పోయింది. పర్మిషన్ లేకుండా లోపలికి ఎవరూ రానివ్వరని తెలుసు, రోడ్డు మీద నుంచే చూసి వచ్చాం. చూడ్డానికి ఏముంది, గోడ. గోడ పక్కన ఒకతను గేదెల్ని తోలుకుపోతున్నాడు.

తిరుగు ఆటోలో తమ్ముడు అడిగాడు, "గీ కరెంటు ఎవ్వలు కొంటరు అక్కా? బొగ్గు కరెంటు కన్న పిరం గద."

పిరమే. 2015లో కేంద్ర విద్యుత్ రెగ్యులేటరీ కమిషన్ చెత్తను నేరుగా కాల్చే ప్లాంటుకు యూనిట్ 7 రూపాయల 4 పైసలు, ఆర్డీఎఫ్‌కు 7 రూపాయల 90 పైసలు అని రేటు కట్టింది. ఇలాంటి ప్లాంటు ఎంత తీస్తే అంతా ఆ రాష్ట్రం డిస్కంలు, అంటే ఇళ్లకు కరెంటు పంచే కంపెనీలు, కొనాల్సిందేనని 2016 టారిఫ్ పాలసీ. అంటే ఆ తేడా చివరికి మన బిల్లులోకే వస్తుంది. నాకు దీని మీద పెద్ద కోపం లేదు. చెత్త పారేసిన వాడే దానికి నాలుగు పైసలు కట్టడం న్యాయమే. నాకు నచ్చనిది ఒక్కటే, నగరం చెత్త నగరంలో కాకుండా ఎప్పుడూ పక్క జిల్లా పొలాల మధ్య కాలడం.

రాత్రి భువనగిరిలో లాడ్జీ. గుట్ట మీద కోట చీకట్లో నల్లగా, బోర్లించిన కుండలా ఉంది. అమ్మ: 590 గ్రాములు, ఎండ బాగా కాసిందట. మరక పోయిందా అని అడగలేదు.

నాలుగో రోజు: నల్లగొండ

భువనగిరి నుంచి వలిగొండ, చిట్యాల మీదుగా నల్లగొండ బస్సు. దారిలో మూసీ దాటాం. బ్రిడ్జి మీద బస్సు నెమ్మదించినప్పుడు వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. కింద నీళ్ల మీద సబ్బు నురగ తెల్లగా, ఎవరో బట్టలుతికి వదిలేసినట్టు. హైదరాబాద్ మురుగు మూసీలో వస్తుంది, చెత్త లారీల్లో వస్తుంది. ఆ నీళ్లతోనే ఇక్కడ వరి పండుతుంది, ఆ బియ్యం మళ్లీ హైదరాబాద్ పోతుంది. పక్క సీట్లో ఆమెకు ఈ వాసన అలవాటే అనుకుంటా, జామకాయ తింటూ కూర్చుంది.

నల్లగొండలో నా బీఈడీ నాటి స్నేహితురాలి ఇల్లు. వాళ్లాయన రైస్ మిల్లులో లెక్కలు రాస్తాడు. భోజనం దగ్గర ఊక మాట వచ్చింది. "ఊక ఒకప్పుడు ఎవరన్న తీస్కపోతె చాలనుకునేది మేడమ్. ఇప్పుడు దానికి కూడ రేటే. మిల్లు బాయిలర్‌కు వాడుకోంగ మిగిలింది ఇటుక బట్టీలకు పోతది." చెత్త ప్లాంట్లకు ఊక ఎందుకు భారమైందో అప్పుడు తమ్ముడికి అర్థమైంది. నా నోట్‌బుక్ అవసరం లేకుండా, పప్పుచారు కలుపుకుంటూ.

అన్నం తిన్నాక అదే నోట్‌బుక్ తీశాను, ఊరుకోలేక. కిలో నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగించి పూర్తిగా ఆవిరి చేయడానికి దాదాపు 610 కిలో కేలరీలు కావాలి. అమ్మ తాంబాళంలో మొదటి రోజు ముప్పావు కిలో నీళ్లే ఉన్నాయనుకుందాం. వాటిని తరమడానికే 457. మిగిలిన పావు కిలో ఎండు సరుకు మండితే వచ్చేది వెయ్యి. సగం వేడి తన చెమట తుడుచుకోడానికే పోయినట్టు. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు కిలోకు 1500 కిలో కేలరీలు, అంతకు మించి వేడి ఉండి, రీసైకిల్ కాని చెత్తను పూడ్చొద్దు, ఇంధనానికే వాడమన్నాయి. ఆ గీతను అందుకోవాలంటే మన చెత్త ముందు ఎండాలి.

ఇంకో భయం కూడా ఉంది. కొలిమిలో పొగను కనీసం 850 డిగ్రీల దగ్గర రెండు సెకన్లు ఉంచాలి, అప్పుడే డయాక్సిన్ల లాంటి విషాలు విడిపోతాయి. తడి చెత్త ఎక్కువైతే కొలిమి చల్లబడుతుంది. ఆ విషాలకు ముడిసరుకైన పీవీసీ ప్లాస్టిక్ ముక్కలు ఉండనే ఉంటాయి. చిమ్నీలో ఎన్ని ఫిల్టర్లు పెట్టినా, పొద్దున మన వంటింట్లో పప్పు కడిగిన నీళ్లు ఏ బకెట్‌లో పోశామన్నది అక్కడ పొగలో తేలుతుంది. స్నేహితురాలు ఇది విని లేచి వెళ్లి తన రెండు బకెట్లు చూసుకుని వచ్చింది. పచ్చ బకెట్‌లో షాంపూ ప్యాకెట్ దొరికిందట.

సాయంత్రం పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూపించారు. లింగం వెనక గోడ మీద రోజంతా కదలని ఆ నీడను తమ్ముడు నోరు తెరుచుకుని చూశాడు. నేను గుడి బయట కొబ్బరి చిప్పల కుప్ప చూశాను. ఎంత బాగా మండుతాయో అనుకుని, నాకు పిచ్చి ముదురుతోందని అర్థమై, ఉదయ సముద్రం కట్ట మీదికి నడిచాను.

అమ్మ: 340 గ్రాములు.

ఐదో రోజు: ఇంటికి

కొండమల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల. బస్సు మధ్యలో ఒకసారి పంక్చర్ అయింది, అంతకు మించి చెప్పడానికేం లేదు. సద్దుల బతుకమ్మ కాబట్టి బస్సు నిండా పువ్వుల సంచులే. తమ్ముడు ఫుల్ టికెట్ తీసుకుని, ఒడిలో ఎవరిదో గునుగు కట్ట పెట్టుకుని, నిద్రపోతూ వచ్చాడు.

ఇంటికి చేరేసరికి తాంబాళం చింతపండు వేసి తోమి తళతళలాడుతోంది. గుమ్మడి ఆకుల మీద తంగేడు వరస పేర్చి, రంగులద్దిన గునుగుతో అమ్మ బతుకమ్మను లేపుతోంది. నా చెత్త ఒక కవర్లో, కరివేపాకు చెట్టు కొమ్మకు వేలాడుతూ ఉంది. తూచాను. 210 గ్రాములు.

"పావు కిలో ఉండాలి కదమ్మా?"

"పొద్దుగాల కోతి వచ్చింది. అరటి తొక్కలు ఏరుకొని పోయింది. నేనేం జేయాలె?"

నా అయిదు రోజుల ప్రయోగం కోతి కడుపులోకి పోయింది. ఆ పెద్దమ్మ అట్టలు ఏరుకున్నట్టే, అది కూడా పనికొచ్చేది ఏరుకునే పోయింది. మిగిలింది కాల్చి చూద్దామని తమ్ముడు పెరట్లో అగ్గిపుల్ల గీశాడు. ఉల్లిపొట్టు భగ్గుమంది. గునుగు కాడలు చిటపటలాడాయి. ఎండిన అన్నం అంచుల్లో నల్లబడి, మాడిన వాసన వేసింది. చాయపత్తి మండలేదు, చాలాసేపు రాజుకుంటూ ఉంది. గుడ్డు పెంకులు ఎట్లున్నవి అట్లనే ఉన్నాయి. రెండు నిమిషాల్లో అంతా అయిపోయింది. బూడిద అమ్మే ఎత్తి కరివేపాకు మొదట్లో పోసింది.

నేను ఇంకా కాంటా చేతిలో పట్టుకునే నిలబడి ఉన్నాను. పేర్చిన బతుకమ్మ మీద పసుపు గౌరమ్మను పెడుతూ అమ్మ నా వైపు చూసింది.

"ఏందే, దీన్ని గూడ తూస్తవా?"